ఎడమ మూల మడత

మన పేరు అచ్చేసిన కార్డుకి కుడి మూల మడిస్తే స్వయంగా వచ్చి పలకరించామని అర్థం. బండి వాషింగ్టన్ బురదలో కూరుకుపోయినా, జలుబుతో ముక్కు కారుతున్నా, మా ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషి గడపకీ తిరిగి వెళ్లి ఆ మడత కార్డు వాళ్ల గుమ్మంలోని పళ్లెంలో వేసి రావాలి. అధ్యక్షుడి భార్యకి ఈ ఊళ్లో ఇదే ఉద్యోగం. జీతం లేదు, సెలవూ లేదు. ఇవాళ నా ఒళ్లో కార్డుల కట్ట, దాని కింద మా చెల్లెలు మెర్సీ ఉత్తరం.

"అక్కా, దగ్గితే నెత్తురు పడుతోంది. మంచు కరిగేదాకా ఉంటానో లేదో. ఒక్కసారి వచ్చిపోవే" అని రాసింది. కనెటికట్ నుంచి ఇది మూడో ఉత్తరం. పొద్దున ఫలహారం దగ్గర చదివి వినిపిస్తే మావారు పళ్లెంలోంచి తలెత్తకుండానే అన్నారు,

"సెనేట్‌లో ఒప్పందం గట్టెక్కనీ టబితా. తర్వాత వెళ్దువుగానీ."

మా అమ్మ మంచాన పడ్డప్పుడూ ఇదే మాట. అప్పుడు ఎన్నికలు అడ్డం. ఆయన గెలిచారు, నేను అమ్మ సమాధి చూసొచ్చాను.

"ఓటు వేసేది నేనా? నేను లేకపోతే ఏమవుతుందండీ?"

"బుధవారం విందులో నువ్వు లేకపోతే ఆ లడ్లో మన గడప తొక్కుతాడా?"

ఒప్పందానికి ఓటు కావాల్సిన సెనేటర్ లడ్లో రెండేళ్లుగా మావారితో మాట్లాడడు. పోయిన బుధవారం అల్లం కేకు పెట్టి, లడ్లో చెప్పే ఆపిల్ తోట కబుర్లన్నీ ఓపిగ్గా విని, ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది నేను. ఆ సాయంత్రమే మావారు స్నేహితులతో, "మా ఆవిడకి రాజకీయాలు ఓ ముక్క తెలీదు. నవ్వుతూ నిలబడుతుంది, అంతే" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూ నిలబడ్డాను. ఒళ్లు మండిపోయింది. నాకేమీ తెలీదట, నేను కదిలితే మాత్రం దేశం ఆగిపోతుందట!

బండి నౌకాదళ మంత్రి ఇంటి ముందు ఆగింది. ఆయన భార్య కెజాయా పోయినేడు పరధ్యానంలో కార్డులన్నిటికీ ఎడమ మూల మడిచింది. ఎడమ మూలంటే ఊరు విడిచి వెళ్తున్నామని. సాయంత్రానికల్లా ఊరంతా వీడ్కోలు చెప్పడానికి దిగింది. పొరపాటని చెప్పుకోలేక పాపం మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ చలిలో పది రోజులు బాల్టిమోర్ పోయొచ్చారు. మావారు కడుపుబ్బ నవ్వి, "పెదవి దాటితే పృథివి దాటుతుంది. కార్డూ అంతే. వెనక్కి తీసుకుంటే పరువేం మిగుల్తుంది?" అన్నారు.

చేతి తొడుగు తీశాను. భయమేసింది. ఎడమ మూల మడిచాను.

ఇరవయ్యో ఇంటికి చూడకుండానే మడత పెట్టేస్తున్నాను. లడ్లో ఇంట్లో ఆయన భార్య సుజానా కార్డు చూసి, "అయ్యో, ఎక్కడికండీ?" అంది.

"మా చెల్లెలికి బాగాలేదు. రేపు తెల్లారే ప్రయాణం. మావారే వెళ్లమన్నారు."

"ఎంత మంచి మనసండీ! ఉండండి, మావారితో ఇప్పుడే చెప్తాను."

ఇల్లు చేరేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నారు. చేతిలో నాలుగు చీటీలు, అన్నీ నా ప్రయాణం క్షేమంగా సాగాలని.

"ఏంటిది టబితా? పొరపాటున ఎడమ మూల మడిచావా?"

నవ్వుతూ నిలబడ్డాను. మిగిలిన ఒక్క కార్డుకీ ఎడమ మూల మడిచి, మా గుమ్మంలో పళ్లెంలో వేశాను.