మేనకోడలి బోర్డు కాల్చింది నేనే

హలో, అందరికీ వినపడుతోందా? నేను ఫ్యాన్లు బాగుచేసే మెకానిక్‌ని. మా మేనకోడలు బడి పోటీకి చిన్న బొమ్మకారు చేసింది. మోటారుకు వేరే బ్యాటరీ, మధ్యలో మోటారుకు సరిపడా కరెంటు అందించే డ్రైవర్ బోర్డు పెట్టింది. "ఇన్ని తీగలెందుకే?" అంటూ అవి పీకేసి, మోటారును నేరుగా కారు నడిపే బోర్డుకే కలిపాను.

"మామయ్యా, బోర్డు మీది చిప్పు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది."

"పనిచేసేది వేడెక్కదా ఏంటే? ముప్పై ఏళ్ల సర్వీసు నాది. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట."

ఫ్యాను మోటారు తట్టుకునే వేడిని ఆ చిప్పు తట్టుకోలేక మాడిపోయింది. పోటీలో కారు కదల్లేదు.

టీచరమ్మ అడిగితే, "నేనే తప్పుగా కలిపాను మేడమ్," అంది పిల్ల. పక్కనే ఉన్నాను. కారును సంచిలో సర్దుకుని బయటికొచ్చేశాను.

ఈ వాయిస్ మెసేజ్ ఆ టీచరమ్మ దాకా చేరేలా నలుగురికీ పంపండి.