ఉప్పు నిలవని చేయి

పొద్దున్నే సుమ సంగటి కెలికి ముద్దలు చేసింది. ఉలవచారు దించింది. డబ్బాలోంచి పిడికెడు ఉప్పు తీసి చారులో వేసింది. ఇంకో పిడికెడు వేసింది. గరిటెతో కాస్త తీసి అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలించింది. వట్టి నీళ్లు. ఏడాదిగా అంతే.

ఆ ఇంట్లో ఉప్పు నిలవదు. అంగడి నుంచి తెచ్చిన ప్యాకెట్టు గడప దాటేలోపల చప్పబడిపోతుంది. ఊరగాయ అంతే, అప్పడం అంతే. ఇరుగుపొరుగు వాళ్లు పాపమని ఉప్పు మజ్జిగ తెచ్చిస్తే, సుమ చేయి సోకగానే అదీ అంతే. తిరుమణి ఊళ్లో దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. పక్కింటి బోరమ్మ ఉప్పు బదులుకి వీళ్లింటికి రావడం మానేసింది, అంతవరకే.

పోయిన ఉప్పు ఎక్కడికి పోతుందో కూడా అందరికీ తెలుసు. సుమ కొడుకు నందీష్ పడిపోయిన చోటికి. వాళ్లు లీజుకిచ్చిన సొంత చేనే అది. ఇప్పుడు కనుచూపు మేరా సోలార్ ప్లేట్లు. అందులో ఒక కంబం మొదట్లో, తెల్లారేసరికి ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. ఓబళప్ప మేకలు ఆ దోవన పోతూ దాని చుట్టూ మూగి నాకుతాయి.

"మీ ఉప్పు తిని నా మేకలు బలిసినాయి సుమక్కా," అన్నాడు ఓబళప్ప ఒకసారి. నవ్వబోయి, ఆమె మొహం చూసి తల తిప్పుకున్నాడు.

నందీష్ ప్లేట్లు కడిగే పనికి పోయేవాడు. ఇరవై రెండేళ్లు. పోయిన ఏప్రిల్ ఎండలో పడిపోయి మళ్లీ లేవలేదు. డాక్టరు అతని చొక్కా మీది తెల్లటి చారలు చూపించి, "ఒంట్లో ఉప్పంతా చెమటలో పోయిందమ్మా," అన్నాడు. సుమ ఏడవలేదు. దినాలయ్యాక పొయ్యి వెలిగించిన రోజు, చారులో ఉప్పు వేస్తూ, బిడ్డకు చాల్లేదే అనుకుంది. అప్పట్నుంచి మొదలు.

నిజం చెప్పాలంటే, ఆమెకది కష్టమనిపించలేదు. రోజూ మధ్యాహ్నం కంచె దాకా పోయి, ఆ తెల్లటి మచ్చను చూసుకుని వచ్చేది. తాను పెట్టింది వాడికి అందుతోంది. ఏ తల్లికి అంతకన్నా ఏం కావాలి?

కానీ ఇంట్లో ఇంకో బిడ్డ ఉంది. సింధుశ్రీ, పద్దెనిమిదేళ్ల పిల్ల, పీయూసీ చదువుతోంది. కొన్నాళ్లు బోరమ్మ ఇంట్లో తినింది. ఒకరింటి కూడు ఎన్నాళ్లు తింటారు? మొహమాటపడి మానేసింది. మొదట పిక్కలు పట్టేశాయి. తర్వాత చూపు మసకేసింది. పదిహేను రోజుల కిందట కాలేజీలో బెంచీ మీంచి జారి పడిపోయింది. పావగడ డాక్టరు రక్తం పరీక్ష చేయించి, "ఒంట్లో ఉప్పు బాగా పడిపోయింది. ఇట్లే వదిలేస్తే పిల్ల మీకు దక్కదు," అన్నాడు.

సుమ భర్త అమరనాథ్ ప్లాంటులో వాచ్‌మన్. రెండు పూటలా అక్కడి క్యాంటీన్లోనే తింటాడు. ఆ రాత్రి తల వంచుకుని చెప్పాడు.

"పాపను మంగళవాడకు పంపిస్తా. మా అక్క చూసుకుంటాది. ఆడ ఉప్పు నిలుస్తాది."

"ఎన్నాళ్లు?"

"నువ్వు మాత్రం ఆడికి రావద్దు సుమా. నీ చేయి సోకితే మళ్లా ఇదే కత."

"ఎన్నాళ్లని అడగతా ఉండా."

అమరనాథ్ లేచి అటక మీది సంచి దించాడు.

ఈరోజు పన్నెండున్నర బస్సు. సుమ పెట్టిన ముద్దను సింధుశ్రీ సగం తిని లేచింది. సంచి వాకిట్లో ఉంది.

"మా, కెంజప్ప అంగట్లో తిని పోతానే. అన్న పిల్చుకపోతానని చెప్పి చెప్పి..." అంది.

సుమ చెప్పులు తొడుక్కుంది.

కెంజప్ప అసలు పేరు కెంజి. జపాన్ మనిషి. సోలార్ పార్కు కట్టేటప్పుడు వచ్చాడు. పని ముగిసి తక్కినవాళ్లంతా పోయినా ఆయన పోలేదు. ఊరు ఆయన పేరుకు ఒక అప్ప తగిలించి తనలో కలిపేసుకుంది. ఉలవలు ఉడికించి, ఉప్పు వేసి రుబ్బి, జాడీల్లో పెట్టి, రాగులు దాచినట్టు పాతరలో మూడేళ్లు పూడ్చి, మిసో అనే వాళ్ల దేశపు ఉప్పు ముద్ద చేశాడు. వేడివేడి చారులో ఆ మిసో ముద్ద కరిగించి, లావుపాటి సేమియా లాంటి రామెన్ వేసి ఇస్తాడు. దానికోసం బెంగుళూరు నుంచి కార్లలో వస్తారు. వెంకటమ్మనహళ్లి నుంచి ట్రాక్టర్లో వస్తారు. రోడ్డు దాకా వరస.

ఆ అంగట్లో ఒక పద్ధతి ఉంది. మిసో ముద్దను కెంజప్ప కలపడు. తోడు వచ్చిన మనిషే, తినేవాళ్ల పేరు అనుకుంటూ కలపాలి. "పేరు అనుకో. కలుపు," అంటాడు. ఆయనకు వచ్చిన తెలుగు ఆ రెండు ముక్కలేనని జనం వెక్కిరిస్తారు.

గంటన్నర నిలబడితే వీళ్ల వంతు వచ్చింది. వెనకాల హనుమంతరాయప్ప అనే పెద్దాయన పెళ్లాంతో వచ్చి ఉన్నాడు.

"ఈమె పేరు అనుకుంటే కారమెక్కువైతాదేమో సామీ," అన్నాడు గట్టిగా.

"నీ పేరు అనుకుంటే పాసిపోతాది లే," అంది ఆమె. వరసంతా నవ్వింది.

కెంజప్ప పొగలు కక్కే గిన్నెను సింధుశ్రీ ముందు పెట్టి, మిసో ఉన్న చిన్న జల్లెడ గరిటెను సుమకిచ్చాడు. సుమ చేతులు కొంగులో దాచుకుంది.

"నేను వద్దు సామీ. పాపే కలుపుకుంటాది."

కెంజప్ప తల అడ్డంగా ఊపాడు.

"బేగ కానీమ్మా, ఎండకు మాడిపోతా ఉండాం," అన్నారు వెనకాల.

సుమ గరిటె అందుకుంది. సింధు, అనుకుంది. కలిపింది. ముదురు రంగు చారు చూస్తుండగానే తేలిపోయి బియ్యం కడిగిన నీళ్లలా అయింది. సింధుశ్రీ ఒక గుక్క తాగింది.

"బాగుండాదిమా."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కెంజప్ప గిన్నె మార్చి ఇంకో ముద్ద ఇచ్చాడు. అదీ అంతే. మూడో ముద్ద ఇచ్చి, పోనివ్వకుండా గరిటె పట్టుకున్నాడు.

"పేరు?"

"సింధు అనే అనుకున్నా సామీ."

ఆయన ఆమె చేతిని చూశాడు. "చెయ్యి ఏం అనుకునింది?"

సుమకు జవాబు తెలుసు. చేతికి ఏడాదిగా ఒకటే పేరు వచ్చు. ఆ పేరు మరిపిస్తే, కంబం మొదట్లో రేపు తెల్లారి ఏమీ ఉండదు. వట్టి మట్టి. కంచె దాకా పోయి చూసుకోవడానికి ఏమీ ఉండదు. వాడు ఇంకోసారి పోతాడు. ఈసారి పంపేది తనే.

సింధుశ్రీ తల్లిని చూడకుండా, తినడానికిచ్చిన రెండు పుల్లలు ఎలా పట్టుకోవాలా అని చూసుకుంటోంది. గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి.

నాయనా, అనుకుంది సుమ. నాయనా, ఇంక చెల్లెలికి పెట్టుకోనీ.

"సింధు," అంది పైకే. వరసలో చివరి మనిషికీ వినపడింది. ఎవరూ నవ్వలేదు. కలిపింది. మిసో కరిగింది. రంగు అలాగే నిలిచింది.

సింధుశ్రీ వంగి జుర్రింది. దగ్గింది.

"ఉప్పెక్కువైందిమా. శానా ఎక్కువైంది," అంది. అంటూనే ఆపలేదు. పుల్లలు పక్కన పడేసి, గిన్నె రెండు చేతులా ఎత్తి, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా తాగింది. నుదుటి మీద చెమట పట్టింది. సుమ ఆ చెమట చుక్కలనే చూస్తూ ఉండిపోయింది.

బయట మంగళవాడ బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. సంచితో స్టాపులో నిలబడ్డ అమరనాథ్ పరుగున లోపలికి వచ్చాడు. కూతురి మొహం చూశాడు. గిన్నె అడుగున మిగిలిన చారులో వేలు ముంచి నాకాడు. సుమ వైపు చూడలేక బయటికి నడిచి, సంచి భుజానేసుకుని ఇంటిదోవ పట్టాడు. బస్సు పోయింది.

"ఇంకొకటి తిననా మా?" అంది సింధుశ్రీ.

ఇంకొకటి కావాలంటే మళ్లీ వరస చివరికి పోవాల్సిందే. సుమ పోయి నిలబడింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. దూరంగా ప్లేట్లు మెరుస్తున్నాయి. అటు చూడలేదు. కండ్లల్లో నీళ్లు కారుతుంటే కారనిచ్చింది.

పేర్లు రాసుకునే అమ్మాయి పలక పట్టుకుని దగ్గరికొచ్చింది.

"ఎంతమందమ్మా?"

సుమ నోరు తెరిచింది. గొంతు దాకా వచ్చిన కొడుకు పేరు అక్కడే నిలిచింది. అమ్మాయి బలపం పట్టుకుని ఓపిగ్గా ఆగింది.

"ఇద్దరమే," అంది సుమ.