మా ఆయన వీపు కొలత

మా ఆయన కుర్చీలు చేస్తాడు. కొలతలకి టేపుంది, అట్టముక్కల మీద గీసుకున్న నమూనాలున్నాయి. వీపు ఆనే చెక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం అవన్నీ పక్కన పడేసి తన వీపే ఆనిస్తాడు. కళ్ళు మూసుకుని, "ఇక్కడ కాస్త తియ్యాలి" అని గొణుక్కుని లేచి చిత్రిక పడతాడు. పాలిష్ పని నాది. ఆయన వీపుకి నప్పిన కుర్చీ అందరికీ నప్పేది. దాంతో ఆయన గర్వానికి పట్టపగ్గాల్లేవు.

ఒకరోజు నేను వద్దంటున్నా బరువైన దుంగ ఎత్తబోయి అక్కడే కూలబడ్డాడు. నడుం నుంచి ఎడమ కాలి వేళ్ళదాకా కరెంటు పాకినట్టుందన్నాడు. లేపి నిలబెడితే మనిషి కుడివైపుకి ఒరిగిపోయి ఉన్నాడు.

మా ఆడపడుచు ఫిజియోథెరపిస్టు. డాక్టరుగారు తీయించిన స్కానింగు చూసి నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"వదినా, వెన్నుపూసకీ వెన్నుపూసకీ మధ్య మెత్తటి డిస్కు ఉంటుంది. నడుం కింది భాగంలో ఒకటి వెనక్కి ఉబ్బి, కాలికెళ్ళే నరాన్ని నొక్కుతోంది. ఆ నొప్పి తప్పించుకోడానికే ఒళ్ళు దానంతటదే పక్కకి వాలింది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే సర్దుకుంటుంది."

"సర్దుకోకపోతే?"

"మళ్ళీ చూసినప్పుడు డాక్టరుగారు చెప్తారు."

ఆపరేషన్ అంటే ఆయనకి భయం, నాకు అంతకంటే భయం. రోజూ వ్యాయామాలు చేయించాను. చేసినంతసేపూ చెల్లెల్ని తిట్టేవాడు.

నొప్పి కాస్త తగ్గగానే చేతులు ఊరుకుంటాయా? దగ్గర్లోని బడి పెద్ద టీచరుగారు ఎప్పుడో అడిగిన కుర్చీ మొదలెట్టాడు. అలవాటు ప్రకారం వీపు ఆనించి మరీ చెక్కాడు. "ఇంత హాయైన కుర్చీ నా జన్మలో చెయ్యలేదు" అన్నాడు.

ఆవిడ వచ్చి కూర్చుంది. మెల్లగా కుడిపక్కకి జారింది. సర్దుకుని మళ్ళీ కూర్చుంది, మళ్ళీ జారింది.

"నాకేమైనా అయిందంటావా అమ్మా?" అంది బెంగగా.

నేను కూర్చుంటే ఎడమ డొక్కలో పొడిచింది. మా ఆడపడుచు కూర్చుని పకపకా నవ్వింది. "అన్నయ్యా, నీ నొప్పికి కుర్చీ చేశావు."

ఆయన మూతి ముడుచుకున్నాడు. టీచరుగారికి వేరే కుర్చీ ఇచ్చి పంపాం. ఇది ఇంట్లోనే ఉండిపోయింది. ఇంటినిండా కుర్చీలున్నా ఆయనకి ఇది ఒక్కటే కుదిరేది. ఆయన అందులో హాయిగా చేరబడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అది హాయిగా ఉందంటే ఆయన ఇంకా ఒరిగే ఉన్నాడని కదా. దాన్ని పొయ్యిలో పెట్టాలనిపించేది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు రానే వచ్చింది. పొద్దున్నే నేను ఫైలు సర్దుతున్నాను. ఆయన టీ గ్లాసుతో ఆ కుర్చీలో కూర్చుని అటూ ఇటూ కదులుతున్నాడు.

"ఇదిగో, దీన్ని ఎండలో పెట్టావా? చెక్క వంగినట్టుంది. ఎడమ డొక్కలో పొడుస్తోంది."

ఫైలు పక్కన పెట్టేశాను.

"లేచి నిలబడండి" అన్నాను.

నిలబడ్డాడు. మెడ దగ్గర చెయ్యి వేసి, ఒక్కొక్క పూసా తడుముతూ నడుం దాకా తెచ్చాను. చెయ్యి ఎటూ పక్కకి పోలేదు.

"చెక్క వంగలేదండీ. కుర్చీ అలాగే ఉంది."

ఆయన నావంక చూశాడు, కుర్చీవంక చూశాడు. వెళ్ళి మళ్ళీ అందులోనే కూర్చున్నాడు. అది పొడుస్తుంటే నవ్వుతూ అలాగే కూర్చున్నాడు.