మా మరిది లివర్‌లో పెట్టిన సూది

మా మరిది ఖంపన్ లివర్‌లో గడ్డ ఉందని తెలిసినప్పుడు నా చెల్లెలు బువలై ఏడవలేదు. "ఎంతుంది డాక్టరమ్మా?" అని మాత్రం అడిగింది.

"చింతగింజంత. కొయ్యక్కర్లేదమ్మా. పొట్ట మీంచి సన్నటి సూది గుచ్చి, మొన వేడెక్కించి, గడ్డను ఉన్నచోటే మాడ్చేస్తాం. చిన్నది కాబట్టి కుదిరింది. పెద్దదైనా, చాలా చోట్ల లేచినా ఈ సూది పనికిరాదు" అందావిడ.

అన్నట్టే మాడ్చేశారు. ఇంటికి పంపేటప్పుడు, మూడు నెలలకోసారి స్కాన్‌కు రమ్మనీ, పచ్చి చేప ముట్టొద్దనీ చెప్పారు. ఆ చేపలోని పురుగే లివర్‌లో చేరి ఇలాంటి గడ్డలు లేపుతుందని మా మూన్ నది ఒడ్డున ప్రతి ఊళ్ళోనూ గోడల మీద బొమ్మలు వేసి ఉంటాయి. ఆ బొమ్మల కిందే కూర్చుని తింటారు మావాళ్ళు. బువలై మాత్రం ఆ రెండు మాటలూ గట్టిగా పట్టుకుంది. మొగుడు బతకాలి, ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషికి, బెదిరిన ప్రాణాన్ని వెనక్కి పిలిచి, మణికట్టుకు తెల్లదారాలు కడతాం. ఆ విందులో పచ్చి చేప తరిగి, కారమూ వేయించిన బియ్యప్పొడీ కలిపి పెట్టాలి. బువలై ఆ చేపను మూకుట్లో వేసి ఉడికించింది.

"ఇదేం కూర చెల్లెమ్మా? ఆసుపత్రి నుంచి మూట కట్టి తెచ్చావా?" అన్నాడు ఖంపన్ స్నేహితుడు ప్రయూన్.

"లివర్‌తో పాటు వీడి మీసం కూడా మాడ్చి పంపార్రా!" అని ఇంకెవడో అందుకున్నాడు.

అందరూ విరగబడి నవ్వారు. ఖంపన్ ముఖం కందగడ్డయింది. ప్రయూన్ తెచ్చిన పచ్చి చేప గిన్నె దగ్గరకు లాక్కుని, "నా లివర్ ఎలాగూ ఉడికిందిగా, చేప ఉడక్కపోతే ఏం?" అన్నాడు.

బువలై గిన్నె లాగబోతే చెయ్యి తోసేశాడు. "పురుగుకి మాత్ర ఉంది, గడ్డకి సూది ఉంది. ఇంక నీ ఏడుపు దేనికే?"

అప్పట్నుంచీ అదే వరస. సాయంత్రం చెరువుగట్టున పచ్చి చేప, పొద్దున్నే పురుగు మాత్ర. స్కాన్ రోజు వస్తే మాత్రం ఏదో ఒక పని తగిలేది. నిజానికి డాక్టరమ్మకు మొహం చూపించలేకే వెళ్ళలేదు.

"కాల్చిన చేలో కలుపు మొలుస్తుందేంటే?" అనేవాడు.

"ఏటా మొలుస్తూనే ఉందిగా. పీకేది నేనాయె, నీకెలా తెలుస్తుంది?" అనేది బువలై.

చివరికి నచ్చజెప్పమని నన్ను పంపింది. అతను నవ్వి, "వదినా, నువ్వడిగితే ప్రాణమైనా ఇస్తాను, స్కాన్ మాట ఎత్తకు" అన్నాడు. మరుసటి నాట్లకు కళ్ళు పచ్చబడ్డాయి. పంచె నడుము మీద నిలవడం మానేసింది. అప్పుడు వెళ్ళాడు, మేమిద్దరం చెరో రెక్కా పట్టుకుంటే.

డాక్టరమ్మ స్కాన్ బొమ్మను మా వైపు తిప్పింది. వడ్లు చల్లినట్టు లివర్ నిండా గడ్డలు ఉన్నాయంది.

"మళ్ళీ సూది పెట్టండి. ఎంత నొప్పైనా ఓర్చుకుంటాను" అన్నాడు ఖంపన్.

"ఇన్నింటిని కాలిస్తే లివరే మిగలదయ్యా."

"చేప తిన్నందుకేనా?"

"ఖచ్చితంగా చెప్పలేను. మానేసినా మళ్ళీ రావచ్చు. చెప్పినప్పుడల్లా వచ్చి ఉంటే చిన్నగా ఉండగానే దొరికేది. మళ్ళీ కాల్చేదాన్ని."

తిరుగు ప్రయాణంలో బువలై దారిపొడుగునా అతని తల తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

ప్రయూన్ మా గుమ్మం తొక్కడం మానేశాడు. ఖంపన్ గంజి కూడా దిగని స్థితికి వచ్చాడు. ఒక మధ్యాహ్నం, "బువలై, ఒక్క ముద్ద. పచ్చిదే" అన్నాడు.

కొడుతుందనుకున్నాను. వల తీసుకుని చెరువుకు వెళ్ళింది. చేపను తెచ్చి అతని కళ్ళెదుటే తరిగి, కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టింది. ఎంతసేపు నమిలినా మింగలేకపోయాడు.

"నిమ్మ తక్కువైంది" అన్నాడు.

"ఊరందరి చేతి ముద్దా రుచే, నాదే రుచి లేదు" అంటూ లేచింది బువలై. పెరట్లోకి వెళ్ళి ఇంకో కాయ కోసుకొచ్చింది.