వంగపండు రంగు

మా తమ్ముడు అశోక్ కాలేజీ చదువులో సప్లై చైన్ అనే పాఠం మొదలైందని చెప్పినప్పుడు, అది దేనికి పనికొస్తుందని మా బాపు సాయిలు అడిగాడు. పత్తి చేలో బయల్దేరిన సరుకు కప్పుకునే చద్దరై మనిషి ఒంటి మీదికి ఎలా చేరుతుందో అందులో చెబుతారని అశోక్ వివరించాడు.

"లారీల వస్తది. దానికి రెండేండ్లు సదువాల్నా?" అన్నాడు బాపు.

అశోక్ చదువుకున్నవాడు కనుక ఓపిక పట్టాడు.

మాది షోలాపూర్ కుంఠా నాకా. ముందు గదిలో రెండు మరమగ్గాలు, వెనక గదిలో మేము. మగ్గాలు బాపువి, పుస్తకాలు అశోక్‌వి, బీడీల చాట నాది. అమ్మ పోయాక ఆమె చాట నా ఒళ్లోకి వచ్చింది, నా బడి అంతటితో ఆగింది. నా చేతులకు తంబాకు వాసన ఎంతగా పట్టిందంటే, రొట్టె చేస్తే రొట్టెకు, జడ వేసుకుంటే జుట్టుకు అదే వాసన. సబ్బులు మార్చి చూశాను. సబ్బులకే ఆ వాసన పట్టింది.

తొంభై ఎనిమిదిలో బాపు నాకొక మాట ఇచ్చాడు. దీపావళి మాలు అమ్ముడుపోతే కండెల మిషన్ కొనిపెడతానన్నాడు. మగ్గం నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టే మిషన్ అది. ఇంట్లో ఒకటి ఉంటే మా మగ్గాలకే కాదు, వాడకట్టుకంతా చుట్టి ఇవ్వొచ్చు. చాటను అటక మీదికి విసిరేయొచ్చు. దాన్ని పెట్టే మూల కూడా ఖాళీ చేసి, ఊడ్చి ఉంచాను. బాపు మతిమరుపున అక్కడ గొడుగు పెడితే తీసి వాకిట్లో పెట్టేదాన్ని.

మా వాడకట్టులో ఒక పద్ధతి ఉంది. ఆర్డరు వచ్చిందని ఎవరూ ఎవరికీ చెప్పరు. అన్నదమ్ములైనా సరే. ఏం నడుస్తున్నదని అడిగితే "ఏం లేదు, ఉత్తగ కూసున్న" అంటారు. వెనక మగ్గాలు దడదడలాడుతూనే ఉంటాయి. కానీ రంగు అద్దిన నూలును వీధిలో ఆరేయక తప్పదు కదా, దాన్నెవరూ దాచలేరు. అందుకని పొద్దున్నే అందరూ పాలకు పోతున్నట్టు పోయి, ఎవరింటి ముందు ఏ రంగు నూలు చిలపలు వేలాడుతున్నాయో చూసి వస్తారు. దాన్ని బట్టి ఎవరికి ఏ ఆర్డరు వచ్చిందో అంచనా కడతారు. ఎవరైనా మరీ గట్టిగా ఆర్డరు లేదన్నారంటే, అది చాలా పెద్ద ఆర్డరని లెక్క.

ఇదంతా అశోక్‌కు పుట్టినప్పటి నుంచి తెలుసు. కాలేజీలో చేరాక తెలిసిన విషయాలు కొన్ని మరిచిపోవాలి కాబోలు, మరిచిపోయాడు.

వినాయక చవితి దాటాక వాళ్ల సార్ ఒక పని ఇచ్చాడు. సరుకు తయారుచేసే మనిషి దగ్గరికి వెళ్లి, అతడు ఇంతవరకూ చేయని కొత్త రకం కావాలంటే ఎన్నాళ్లు పడుతుందో కనుక్కుని రావాలి. అశోక్ దూరం పోలేదు. పక్కింటి మల్లప్ప మామను అడిగాడు.

"మామా, వంగపండు రంగు చద్దర్లు మస్తు కావాలంటే ఎన్ని దినాలల్ల ఇస్తవ్?"

మా దగ్గర ఎరుపు, పచ్చ, నీలం తప్ప ఇంకో రంగు ఎవరూ నేయరు. వాడి నోటికి తోచిన రంగు అది. మల్లప్ప మామ గొంతు తగ్గించి, "ఎవలకురా?" అన్నాడు.

"ఎవలకు లేదు మామా. కాలేజీ పని."

"బరోబర్, బరోబర్. కాలేజీ పనే," అని మల్లప్ప మామ వాడికి చాయ్ తాగించి పంపాడు. ఆయన ఊరికే చాయ్ తాగించే మనిషి కాదు.

మర్నాడు ఆయన ఇంటి ముందు ఒక వరస వంగపండు రంగు నూలు ఆరింది. ఎదురింటివాళ్లు చూసి, వెనకబడకూడదని రెండు వరసలు ఆరేశారు. వాళ్లను చూసినవాళ్లు ఇంకాస్త ఎక్కువ ఆరేశారు. చూస్తుండగానే అది నీలం నగర్ దాకా పాకింది. రంగుల దుకాణంలో ఆ రంగు అయిపోతే, దుకాణందారు ఎందుకైనా మంచిదని రెట్టింపు తెప్పించాడు. వీధి గుంతల్లో నీళ్లు కూడా వంగపండు రంగుకు తిరిగాయి. బాపు ఇంట్లో ఉన్న నూలంతా ఆ రంగులో ముంచాడు. ఆరిన చిలపలకు నేను ముడులు వేస్తుంటే, "నీ మిషన్ వచ్చినట్టే బిడ్డా," అన్నాడు. ఆ ముడులు నేను చాలా ముద్దుగా వేశాను.

సరిగ్గా అప్పుడే కాలేజీలో వాళ్ల సార్ బోర్డు మీద అలల బొమ్మ గీశాడట. దుకాణంలో గిరాకీ జానెడు పెరిగితే, వెనకవాడు మూరెడు తెప్పించుకుంటాడు. వాడి వెనకవాడు బారెడు. చిట్టచివరి వాడి దగ్గరికొచ్చేసరికి అది వరద. మొదటి జానెడు నిజమా కాదా అని అడిగేవాడు ఉండడు. అశోక్ ఆ బొమ్మను శ్రద్ధగా వేసుకుని, హోట్గి రోడ్డు నుంచి సైకిల్ మీద వస్తూ, మా వీధి మలుపులో సైకిల్ దిగి అలాగే నిలబడిపోయాడు.

ఇంట్లోకి వచ్చి, "బాపూ, ఈ గిరాకి లేనే లేదు. ఇది నేనే," అన్నాడు.

"ఏంది, నువ్వు?"

"నేనడిగిన ఒక్క మాటకు వాడకట్టంత రంగేస్తున్నది."

బాపు వాణ్ని ఎగాదిగా చూశాడు. "నువ్వడిగితె షోలాపూర్ రంగేస్తదా? చెప్పు, ఆర్డరు ఎవలది? ఇంటోళ్లకు గూడ చెప్పవా?"

"ఆర్డరు లేదు బాపూ!"

గట్టిగానే అన్నాడు. గోడ అవతల మల్లప్ప మామకు వినపడింది. సాయంత్రానికి ఆయన ఇంకా రెండు వరసలు ఆరేయించాడు. అశోక్ ఆయన దగ్గరికి ఉరికి, దండం పెట్టి మరీ లేదని చెప్పాడు. ఆయన తన మగ్గాలన్నిటికీ ఆ రంగే ఎక్కించాడు.

ఆ పూట అశోక్ జొన్నరొట్టె, పల్లికారం ముందు పెట్టుకుని ముట్టలేదు. జ్వరమొచ్చినా పల్లికారం వదిలిన పిల్లాడు కాదు వాడు. అప్పుడు నమ్మాను. ఇంట్లోనూ వాడకట్టులోనూ వాణ్ని నమ్మింది నేనొక్కదాన్నే.

"బాపూ, తమ్ముడు అబద్ధం ఆడ్తలేడు. ఆ నూలు మనకొద్దు. నా మిషన్ మీద ఒట్టు," అన్నాను.

కొడుకు తిండి మానేశాడు, కూతురు ఒట్టు పెట్టింది. బాపు మాత్రం ఏం చేస్తాడు? అద్దిన నూలంతా మల్లప్ప మామకిచ్చి, బదులుగా తెల్ల నూలు తెచ్చుకుని, ఎరుపు అద్ది, ఎప్పటి చద్దర్లే నేశాడు. మల్లప్ప మామ మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. మేము ఆయన్ను చూసి జాలిపడ్డాం.

దీపావళి దగ్గరపడ్డాక హైదరాబాదు నుంచి సేటు వచ్చాడు. ఏటా ఎర్ర చద్దర్లు కొనే మనిషి. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా వంగపండు రంగు తప్ప ఇంకేమీ కనపడక, మల్లప్ప మామ గుమ్మం దగ్గర ఆగాడు.

"ఈసారి ఇదేనా నడిచేది?"

గిరాకీ వచ్చి ఎదురుగా నిలబడినా అలవాటు పోతుందా? "అబ్బే, ఏం నడుస్తలేదు సేట్. ఉత్తగనే ఏసినం," అన్నాడు మల్లప్ప మామ.

ఏటా వచ్చే సేటుకు ఆ లెక్క తెలుసు. వీధిలోని వంగపండు రంగు మాలంతా లారీకి ఎత్తించాడు. వెళ్తూ వెళ్తూ మా గుమ్మం దగ్గర ఎర్ర చద్దరు అంచు రెండు వేళ్లతో పట్టి చూసి, "నిరుటిదా?" అని ముందుకు పోయాడు.

లారీ మలుపు తిరిగాక బాపు అశోక్ భుజం మీద చెయ్యి వేశాడు. "నిజమే చెప్పినవ్ బిడ్డా. గని నిజం గిరాకి అయినంక చెప్పాలె."

అశోక్ జరిగింది జరిగినట్టు ప్రాజెక్టు రాసిచ్చాడు. సార్ మంచి మార్కులే వేసి, ఊహ బాగుంది కానీ వాస్తవానికి ఇంకొంచెం దగ్గరగా ఉండాల్సిందని కింద రాశాడు.

కండెల మిషన్ మల్లప్ప మామ భార్య శాంతత్తకు వచ్చింది. మా గోడకు ఆనించే పెట్టారు. అది తిరిగినప్పుడల్లా ఇవతల నా ఖాళీ మూల అదిరేది. అశోక్ మీద కోపం రాలేదంటే అబద్ధం. వాడు అబద్ధం చెప్పి ఉంటే కడుపునిండా తిట్టేదాన్ని. నిజం చెప్పినవాణ్ని ఏమని తిట్టాలి? దానికే ఎక్కువ మండింది. బాపు ఆ మూలలో మళ్లీ గొడుగు పెట్టాడు. నేను తీయలేదు.

సేటు ఇంకా మాలు కావాలని కబురు పెడితే, ఒక్కతే చుట్టలేక శాంతత్త నన్ను కూలికి పిలిచింది. చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వెళ్లాను. మిషన్ ముందు కూర్చోబెట్టి ఒక చిలప చేతికిచ్చింది. ముడి చూడగానే గుర్తుపట్టాను. నేను వేసిందే. తల వంచుకుని విప్పసాగాను.

శాంతత్త వంగి ఆ నూలును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తంబాకు వాసన కొడ్తున్నది. ఇది మీ ఇంటి నూలే గదనే?"

"అవునత్తా," అన్నాను. మిషన్ చాలా బాగా తిరిగింది.