కుంటలో కడిగిన ఫోటోలు

ఆ ఎండాకాలం కొండాపూర్‌లో బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. లింగమూర్తి ఫోటో స్టూడియోకీ, దాని వెనకే ఉన్న ఇంటికీ కలిపి ఒకటే నల్లా. అది గురక పెడుతోందే గాని చుక్క రాల్చడం లేదు.

చీకటి గదిలో మూడు పెద్ద ఫోటోలు నీళ్ల కోసం ఎదురుచూస్తున్నాయి. మూడింటిలోనూ ఉన్నది రాతి గుండ్ల నడుమ కుంట ఒక్కటే. పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుని బతికే మనిషి, ఏటా వానలు తగ్గాక అక్కడికి పోయి ఒక్క ఫోటో తీసుకొచ్చేవాడు. మొదటి ఏడాది గుండ్లు మెడదాకా మునిగి ఉన్నాయి. తర్వాతి ఏడాది నడుముదాకా. పోయిన ఏడాది పాదాలే తడిశాయి. కొత్తగా లేచిన అద్దాల మేడ నీడ ఆ కాసిని నీళ్లలో వణుకుతోంది. ఆదివారం మాదాపూర్‌లో నీళ్ల ఫోటోల ప్రదర్శన పెడుతున్నారు. ఇతనివీ గోడకెక్కిస్తామన్నారు.

కాగితంలోకి ఇంకిన హైపో మందు పోవాలంటే నీళ్లు మార్చి మార్చి చాలాసేపు కడగాలి. లేకుంటే కొన్నాళ్లకే బొమ్మ పసుపెక్కి మాసిపోతుంది.

భార్య అనసూయమ్మను రెండు బిందెల నీళ్లు అడిగాడు. తాగే నీళ్ల బిందె మీద చెయ్యి వేసి, "బొమ్మలకు గూడ దూపైతదా?" అంది. నవ్వుతూనే అంది గాని చెయ్యి తియ్యలేదు. లింగమూర్తి ఫోటోలను వెడల్పు తొట్టిలో పెట్టి, తడిగుడ్డ కప్పి, సైకిలుకు కట్టుకుని కుంటకే నడిచాడు.

కుంట చాలావరకు పూడిపోయింది. గుండు చాటున ఒక మూల మాత్రం మోకాలిలోతు నీళ్లు మిగిలాయి. ఒడ్డున మట్టి నింపుకున్న టిప్పరు ఆ మూలకే వెనక్కి వస్తోంది. లింగమూర్తి అడ్డంపోయి విషయం చెప్పాడు. డ్రైవరు కిష్టయ్య పాలమూరు నుంచి ఈ మధ్యే వచ్చినవాడు. దిగి ఫోటోలు చూశాడు. మొదటిదాని దగ్గర ఆగిపోయాడు.

"గిది ఇదే కుంటనా?"

"ఇదే."

కిష్టయ్య పోయి ఇంజను ఆపాడు. కడుక్కొమ్మన్నాడు, అయినంక మట్టి పోస్తనన్నాడు.

లింగమూర్తి పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగాడు. ఫోటో వదిలితే వెల్లకిలా తేలింది. చిన్న నీళ్ల మీద పెద్ద నీళ్లు పడుకున్నట్టు ఉంది. గాలి వీస్తే కింది అల పైదాన్ని ఊపింది, ఫోటోలోని గుండ్లు కదిలాయి. తూనీగ ఒకటి వచ్చి, ఏ నీళ్ల మీద వాలాలో తెలియక వాటి మీదే తిరిగింది. పొద్దు అద్దాల మేడకు తగిలి, విరిగి, కుంటంతా పరుచుకుంది. తన కాళ్లు ఏ ఏడాది నీళ్లలో ఉన్నాయో లింగమూర్తికే తెలియలేదు.

బీడీ ముట్టించి గుండెక్కి కూర్చున్న కిష్టయ్య, మందు పోయిందని ఎట్ల తెలుస్తదని అడిగాడు. కారే చుక్క నాలుక మీద వేసుకోవాలని లింగమూర్తి చెప్పాడు. మందుంటే తియ్యగా ఉంటది.

ఫోటో మూల ఎత్తి చుక్క నాలుక మీద పడనిచ్చాడు. ఒండ్రు రుచి. ఉత్త కుంట రుచి.

"పాయెనా?"

లింగమూర్తి టిప్పరు వైపు చూశాడు. ఫోటోను మెల్లగా మళ్లీ నీళ్లలోకి వదిలాడు.

"ఇంకా తియ్యగనే ఉంది."

కిష్టయ్య తలూపి, ఇంకో బీడీ తీశాడు.