వంటవాళ్లు మొదటి ఓడలో

ఉదయశ్రీ అప్పటికే రెండు బ్రిగేడ్లను పొట్టన పెట్టుకుంది. ఒకటి దాహంతో పోయింది, ఇంకొకటి మందుల్లేక పోయింది. మూడోది కూడా పోయిందంటే జర్మనీలోని కెమ్నిట్జ్‌లో చదువుకు నీళ్లొదులుకోవడమే. ఒకే పరీక్ష మూడుసార్లు తప్పితే యూనివర్సిటీ పేరు కొట్టేస్తుంది, పేరు పోతే వీసా కూడా పోతుంది.

నిజం సిపాయిలు కారులెండి, కంగారు పడకండి. సరుకు రవాణా చదివేవాళ్లకు పెట్టే పరీక్ష అది. వందేళ్ల కిందటి యుద్ధం కోసం సముద్రం అవతలికి మిత్రసేన బ్రిగేడ్ ఒకటి వెళ్లాలి. నాలుగు బెటాలియన్లు, ఫిరంగులు, కంచరగాడిదలు, ఆసుపత్రి, వంటశాల. ఓడలేమో ఆరే! బల్ల మీద చెక్కముక్కలు జరుపుతూ, ఏది ఏ ఓడ ఎక్కాలో, ఏది ముందు దిగాలో సర్దాలి. మొదటిసారి గాడిదలనెక్కించిన మహాతల్లి వాటికి నీళ్లెక్కించలేదు. రెండోసారి డాక్టర్లు మూడో ఓడలో, మందులు ఆరో ఓడలో!

పరీక్షకు వెళ్తూ ట్రామ్‌లో రూమ్మేట్ సంయుక్త, గుంటూరు పిల్ల, నోట్స్ తెరిచింది.

"మొదటి ఓడలో ఏం ఎక్కిస్తావే, చెప్పు."

"ఏం యాదికొస్తలేదు సంయుక్తా. బుర్రంతా ఖాళీ."

"ఏదీ గుర్తులేదా?"

"పెండ్లిళ్లకు వంటలు చేసే మా పెద్దనాయిన మాటలే యాదికొస్తున్నయ్. వంటోళ్లు, పొయ్యిలు ముందుగాల దిగాలె అంటుండె."

"అయితే యుద్ధం కాదు, పెళ్లనుకో!" అని సంయుక్త పకపకా నవ్వింది. ఆ పిల్ల వేళాకోళానికే అంది. మన ఉదయశ్రీ మాత్రం మునిగేవాడు గడ్డిపరక పట్టుకున్నట్టు ఆ మాట పట్టుకుంది.

ప్రొఫెసర్ ఓస్టర్‌మన్, నవ్వడం ఎప్పుడో మానేసిన పెద్దావిడ, గడియారం బల్ల మీద పెట్టింది. ఇక చూడండి! వంటవాళ్లు, కట్టెలు, బియ్యం, గుండిగలు మొదటి ఓడలో. గాడిదలు, గడ్డి, నీళ్లు రెండో ఓడలో. డాక్టర్లూ మందులూ ఈసారి ఒకే ఓడలో, ఒకరి ఒళ్లో ఒకరు. తర్వాత సిపాయిలు. చేతులు వాటంతటవే ఆడుతున్నాయి, భయం ఎటు పోయిందో పోయింది, ఉదయశ్రీకి లోపల్లోపల నవ్వొస్తోంది.

"ఎనిమిది వందల మందికి తిండి ఎక్కువుంది. ఎవరికి?" అంది ఓస్టర్‌మన్.

"వచ్చేవాళ్లకు మేడమ్."

"ఎవరొస్తారు?"

"తెలీదు. ఎవరో ఒకరు వస్తారు. అయిదొందల మందిని పిలిస్తే ఏడొందల మందికి వండాలి."

ఓస్టర్‌మన్ కవరులోంచి కార్డు తీసి చదివింది. దారితప్పిన మిత్రదేశపు బెటాలియన్ రేవుకు చేరింది. ఎనిమిది వందల మంది. నాలుగు రోజులుగా తిండి లేదు.

"కూర్చోబెట్టండి! వడ్డించేద్దాం!" ఉదయశ్రీ కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"మరి ఫిరంగులు?"

ఉదయశ్రీ బల్ల వైపు చూసింది. ఓడలన్నీ నిండిపోయాయి. ఫిరంగుల ముక్కలు పెట్టెలోనే పడున్నాయి. ఇంత చేసీ, బంగారంలాంటి అవకాశం బూడిదలో పోసినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ బ్రిగేడ్ ఈ యుద్ధం గెలవదు," అంది ఓస్టర్‌మన్. కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కానీ పదకొండేళ్లుగా ఈ కార్డు తీస్తున్నాను. ఆ ఎనిమిది వందల మందీ ఇవాళే మొదటిసారి అన్నం తిన్నారు."

కాగితం మీద నాలుగు వేసింది. అక్కడ ఒకటి అన్నిటికంటే గొప్ప, అయిదొస్తే ఫెయిలు. నాలుగంటే అంచు మీద పాసు.

ఉదయశ్రీ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేసి, వరండాలోకి పరుగెత్తి, సంయుక్తను నడుం పట్టుకుని గిరగిరా తిప్పింది.

"ఆగవే బాబూ, పడతాం! ఏమైందో చెప్పు!"

"యుద్ధం ఓడిపోయిన సంయుక్తా! పాసైన!"